పిల్లకాయల వాటా

వెంకటశేషమ్మ నోరు మంచిది కాదని మా పాలెంలో అందరూ అంటారు. నేనూ కాదనను. ఆ నోటికి జడిసి కుక్కలు కూడా మా అంగన్‌వాడీ ముందు నుంచి పోకుండా చుట్టు తిరిగి పోతాయి. కానీ ఆ నోరు ఎవరి కోసం లేచిందో మాత్రం ఒక్కరూ చెప్పరు. ఎంతసేపటికీ నోరు, నోరు, నోరు. అది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు అస్మా. మైపాడుకు దగ్గర్లో సముద్రం ఒడ్డున ఉన్న ఈ పాలెంలో అంగన్‌వాడీ టీచర్ని. మా ఇల్లు పాలెం మొదట్లో, తారురోడ్డు పక్కన ఉంటుంది. మా మామ మీరా మొహిద్దీన్‌ వడ్రంగి. శేషమ్మ మా సెంటర్లో ఆయా. ఏభై దాటిన మనిషి, మొగుడు సముద్రంలో పోయాడు, ఒక్కడే కొడుకు. ఎవరితోనైనా తగువు పడాలనుకుంటే ముందు కొంగు బిగించి నడుముకు చుట్టుకుంటుంది. రోజులో సగం సేపు ఆ కొంగు నడుముకే ఉంటుంది.

మా పాలెంలో పొద్దు పొడవకముందే పడవలు ఒడ్డుకు వస్తాయి. వల దులిపి, చేపలు వాటాలు వేసుకోగానే ఆడవాళ్ళు గంపలకెత్తుకుని ఆటోల్లో నెల్లూరుకు పోతారు. మగవాళ్ళు రాత్రంతా వేటాడి ఉంటారు కాబట్టి పడి నిద్రపోతారు. ఇక పిల్లలు? మూడేళ్ళవాళ్ళు, నాలుగేళ్ళవాళ్ళు ఇసుకలో పడవ తాళ్ళ మధ్య, గాలాల మధ్య, కుక్కల మధ్య తిరుగుతుంటారు. సెంటరు తెరిచేది తొమ్మిదికి. శేషమ్మ ఆయాగా చేరిన కొత్తలోనే ఈ సంగతి తేల్చేసింది.

"తొమ్మిది గంటలు గవర్నమెంటు పిల్లకాయలకు టీచరమ్మా. మన పిల్లకాయలకు టైము పెట్టేది సముద్రం," అన్నది. ఆ మర్నాటి నుంచి పడవలు ఒడ్డుకు తగిలే వేళకే తలుపు తీసి కూర్చుంది. ఎవరూ తీయమనలేదు, ఎవరూ మెచ్చుకోలేదు.

ఆమెకు ఈ పట్టుదల కొడుకు పెంచల్ వల్ల వచ్చింది. కాలవ అవతల రైతుల ఊళ్ళో బడి ఉంది. మా పాలెం పిల్లలు ఒకటో తరగతికి అక్కడికే పోవాలి. పెంచల్ని ఆరో ఏట తీసుకెళ్ళి చేర్చింది. అప్పటిదాకా ఒకచోట కుదురుగా కూర్చుని ఎరగని పిల్లవాడు. పాలెం వాడని వెనక కూర్చోబెట్టారు. ఒంటికి పోవాలని అడగడం కూడా వాడికి తెలియదు. కూర్చున్నచోటే తడుపుకున్నాడు. తరగతంతా నవ్వింది, సారు కూడా నవ్వాడట. ఆ రోజు కాలవ దాటి ఇంటికి పరిగెత్తినవాడు మళ్ళీ ఆ వైపు పోలేదు. ఇప్పుడు పడవ మీద పోతాడు, మంచి వేటగాడు. ఫోనుకు మెసేజీ వస్తే మాత్రం పక్కవాణ్ణి చదవమంటాడు. ఈ కథ శేషమ్మ చెప్పినప్పుడల్లా మొదటిసారి చెప్పినంత కోపంగా చెబుతుంది. అందుకే మా సెంటర్లో అ ఆల కన్నా ముందు నేర్పే పాఠం అడగడం. పిల్లలు లేచి నిలబడి, చెయ్యెత్తి, పాలెమంతా వినబడేలా "టీచర్, నేను ఒంటికి పోవాల" అని అరవాలి. గొంతు చిన్నగా వస్తే ఆమె ఊరుకోదు.

తరవాత ఆమె పడవల మీద పడింది. వాటాలు వేసేటప్పుడు పడవకొకటి, వలకొకటి, ఇంజనుకొకటి, మనిషికొకటి, చివరికి గంగమ్మకు కూడా ఒక వాటా తీస్తారు. ఒకరోజు శేషమ్మ అల్యూమినియం గిన్నె పట్టుకుని వాటాల మధ్య కూర్చుంది.

"గంగమ్మకు తీస్తుండారే, నా పిల్లకాయలకు తియ్యరా? రేపు మీ పడవలెక్కేది వాళ్ళు కాదా?" అన్నది.

నవ్వారు, తిట్టారు, చివరికి ఒకడు దోసెడు నెత్తళ్ళు గిన్నెలో పోశాడు. అది అలవాటైపోయింది. ప్రతి పడవా పిల్లకాయల వాటా తీయడం మొదలుపెట్టింది. అందులో కొన్ని కూరకు, మిగతావి ఎండబెట్టి కాలవ అవతల రైతుల ఇళ్ళకు. వాళ్ళు బదులుగా శెనక్కాయలు, ఆకుకూరలు ఇచ్చేవాళ్ళు. అలా రాకపోకలు పెరిగి, ఆ బడికి కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు జూన్‌లో చేరబోయే పిల్లల్ని శనివారాలు తెచ్చి ఒకటో తరగతిలో కూర్చోబెట్టుకోమన్నాడు. మా మామ తన దగ్గర మిగిలిన చెక్కముక్కలు నున్నగా చిత్రిక పట్టి పిల్లలకు ఆడుకోను ఇచ్చాడు. సెంటరు అద్దెగది, రేకుల కప్పు, వానొస్తే కారేది. అయినా పిల్లలు కూర్చోవడం, అడగడం, తమ పేరు తాము చెప్పడం నేర్చుకున్నారు. దీన్ని భాగస్వామ్యం అంటారని మాకెవరికీ తెలియదు.

తెలియజెప్పడానికి క్రాంతి కుమార్ వచ్చాడు. రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో మేనేజరు. పిల్లల్ని బడికి సిద్ధం చేసే మంచిపని కంపెనీ, గ్రామం, ప్రభుత్వం కలిసి చేయాలన్నాడు. కొత్త భవనం కట్టారు, కాదనను. టైల్సు, ఫ్యాన్లు, ఎర్రవి పసుపువి చిన్న చిన్న కుర్చీలు, గోడకు పెద్ద టీవీ, అద్దాల బీరువా నిండా బొమ్మలు. జనవరి చివర్లో రిబ్బను కత్తిరించారు. క్రాంతి కుమార్ మైకు ముందు భాగస్వామ్యం అన్న మాట ఎన్నిసార్లు అన్నాడో! తాళం చెవి పళ్ళెంలో పెట్టి మా పాలేనికి పెద్ద అయిన పెద్దకాపు చెంచురామయ్య చేతికిచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. శేషమ్మ ఆ రోజంతా వచ్చినవాళ్ళకు మజ్జిగ అందిస్తూనే ఉంది. బోర్డు మీద ఆమె పేరు లేదు, నా పేరూ లేదు, పడవలవాళ్ళ పేరూ లేదు. అయినా ఆ రోజు మాకు కోపం రాలేదు. కుర్చీలు చూసి సంతోషపడ్డాం.

మర్నాడు పొద్దున పిల్లల్ని తీసుకుని పోతే తలుపుకు తాళం.

ఇక్కడ మా పాలెం పద్ధతి ఒకటి చెప్పాలి. ఊరందరిదీ అయిన వస్తువు ఏదైనా పెద్దకాపు తాళం కింద ఉంటుంది. గంగమ్మ ఇత్తడి గిన్నెలు, జాతర గొడుగులు, పెళ్ళిళ్ళ వంటపాత్రలు అన్నీ అంతే. తిరునాళ్ళకు తీస్తారు, తోమి మళ్ళీ లోపల పెడతారు. గిన్నె సొట్టపోతే సొట్ట పెట్టినవాళ్ళు ఊరికి తప్పు కింద డబ్బు కట్టాలి. గిన్నెల విషయంలో మంచి పద్ధతే. చెంచురామయ్య ఆ కుర్చీల్ని కూడా గిన్నెల లెక్కనే చూశాడు. దొంగ కాదు, దుర్మార్గుడూ కాదు. ఊరి సొత్తును ప్రాణంగా చూసుకునే మనిషి. అందుకే ఆయనతో వాదించి గెలవడం ఎవరి తరమూ కాదు.

"పిల్లకాయలు పగలగొడితే కంపెనీవోళ్ళకు ఏం మొగం చూపించాల? ఎవురన్నా వచ్చినప్పుడు తీస్తాలే. అప్పటిదాకా వరండాలో కూర్చోబెట్టుకోండి," అన్నాడు.

నన్ను మండించింది ఆయన మాట కాదు, తల్లులు తలలూపడం. మన పిల్లకాయలు కోతులు, విరగ్గొడితే తప్పెవరు కడతారు అని వాళ్ళే అన్నారు. ఏ పిల్లల కోసం కట్టారో ఆ పిల్లల నుంచే ఆ గదిని కాపాడాలట. నేను అరిచాను. వినలేదు. పాత గదికి పోదామంటే, కొత్త భవనం వచ్చిందని ఆఫీసులో అద్దె ఆపేశారు. ఇంటి యజమాని అందులో వలలు కుక్కేశాడు.

సూపర్‌వైజరుకు ఫోన్ చేశాను. "అంత మంచి బిల్డింగ్ వచ్చింది కదమ్మా, ఊరి పెద్దలతో గొడవెందుకు? సర్దుకుపో," అన్నది. క్రాంతి కుమార్‌కు చేశాను. "మేం గ్రామానికి అప్పగించేశామండీ. అది కమ్యూనిటీ సొంతం. మేం జోక్యం చేసుకోకూడదు," అన్నాడు. ఎంత మర్యాదగా చెప్పాడో! ఫోను నేలకేసి కొట్టబుద్ధయింది. మా మామ కొనిచ్చిన ఫోను కాబట్టి ఆగాను.

అప్పుడప్పుడూ కంపెనీ వాళ్ళు అతిథుల్ని తెచ్చేవాళ్ళు. ఆ రోజు తాళం తీసేవాళ్ళు. పిల్లలకు మొహాలు కడిగి, తలలు దువ్వి, గోడవారగా వరసగా నిలబెట్టి, చేతులు కట్టుకోమనేవాళ్ళు. బొమ్మలు ముట్టుకోకూడదు, కుర్చీలు జరపకూడదు, నవ్వాలి. ఫోటో తీసేవాళ్ళు. తలా ఒక బిస్కెట్టు ఇచ్చి బయటికి పంపి మళ్ళీ తాళం. పిల్లలు అద్దం కిటికీకి ముక్కులు ఆనించి లోపలికి చూస్తుండేవాళ్ళు. అద్దం మీద మరకలు పడుతున్నాయని చెంచురామయ్య మనిషిని పెట్టి తుడిపించాడు.

వరండా తూర్పుకు ఉంది. ఫిబ్రవరి ఎలాగో గడిచింది. మార్చి వచ్చేసరికి పొద్దున్నే ఎండ సూటిగా మొహాన కొట్టేది. పలక మీద అక్షరం కనబడేది కాదు. పిల్లలు ఒక్కొక్కరే జారుకుని మళ్ళీ ఇసుకలోకి, పడవల కిందికి చేరారు. శనివారం కాలవ దాటించి బడికి తీసుకెళ్తే, వెనకటిలా కుదురుగా కూర్చోలేకపోయారు. జూన్‌లో ఒకటో తరగతికి పోవలసినవాళ్ళు! హెడ్మాస్టరు నా వైపు అనుమానంగా చూశాడు.  

ఆ సోమవారం వెన్నెల అనే పిల్ల వరండాలో వాంతి చేసుకుని సొమ్మసిల్లింది. ఐదేళ్ళది, పెద్దకాపు కూతురి కూతురు. శేషమ్మ ఆ పిల్లను నీడలో పడుకోబెట్టి, నీళ్ళు తాగించి, కళ్ళు తెరిచిందాకా కూర్చుంది. తర్వాత కొంగు నడుముకు చుట్టుకుంది. ఇసుకలో ఎవరిదో పడవ లంగరు పడి ఉంటే ఈడ్చుకొచ్చి తాళం మీద కొట్టింది. రెండో దెబ్బకే ఊడిపోయింది. ఫ్యాను వేసి వెన్నెలను లోపల టైల్సు మీద పడుకోబెట్టింది. మిగతా పిల్లలు గడప దగ్గరే నిలబడిపోయారు, ఎంత పిలిచినా లోపలికి రాలేదు.

సాయంత్రం గుడి ముందు ఇసుకలో కాపులు, అంటే పాలెం పెద్దలు, కూర్చున్నారు. ఊరి పంచాయితీ అది. ఆడవాళ్ళు అక్కడికి రాకూడదు, వస్తే దూరంగా ఆరేసిన వలల అవతల నిలబడాలి. అడిగితేనే జవాబు చెప్పాలి. వాళ్ళు శేషమ్మను ఏమీ అడగలేదు. ఊరి సొత్తు పగలగొట్టింది కాబట్టి దురాయి వేశారు. దురాయి అంటే మా పాలెంలో కాపుల కట్టడి. పోలీసుల మాట దాటినవాళ్ళున్నారు గానీ దురాయి దాటినవాళ్ళు లేరు. ఏ పడవా శేషమ్మ గిన్నెలో చేప వేయకూడదు, ఆమె కాపుల ముందు తప్పు ఒప్పుకునేదాకా ఏ ఇంటి పిల్లా సెంటరుకు పోకూడదు. తలుపుకు అంతకన్నా పెద్ద తాళం పడింది.

మనవరాలు సొమ్మసిల్లిందని చెంచురామయ్యకు తెలుసు. తెలిసే వేశాడు. సొంత మనిషని చూడకుండా న్యాయం చెప్పాడని పక్కన కూర్చున్నవాళ్ళు మెచ్చుకున్నారు కూడా! ఆ మెప్పుకోలు వలల అవతలికి వినబడింది. నా పక్కనే నిలబడి ఉన్న ఆయన భార్య ప్రమీలమ్మ అది విని ఇంటికి పోయింది.

మర్నాడు పడవలు వచ్చేసరికి శేషమ్మ ఎప్పటిలాగే గిన్నె పట్టుకుని ఒడ్డున కూర్చుంది. నేనూ పోయాను. ఆ రోజు వేట బ్రహ్మాండంగా పడింది. నెత్తళ్ళు, కానాగంతలు కుప్పలు పోశారు. ఒక్కో పడవ వాటాలు వేసుకుంది, ఒక్కరూ గిన్నె వైపు రాలేదు. పెంచల్ ఉన్న పడవ కూడా వచ్చింది. వాడు తన వాటా తీసుకుని, తల వంచుకుని, కన్నతల్లి ముందు నుంచే నడిచిపోయాడు.

శేషమ్మ లేచి నిలబడి, ఒడ్డున వాటాలు చూస్తున్న చెంచురామయ్య వైపు తిరిగింది.

"పెద్దకాపూ, గంగమ్మ గిన్నెలు ఏడాదికొకపారి తీస్తావు. తల్లికేం నష్టం లేదు, మళ్ళీ ఏడాదికీ అట్టనే ఉంటాది. పిల్లకాయలు అట్టా ఉండరయ్యా! వచ్చే తిరునాళ్ళకు నువ్వు తలుపు తీసేసరికి ఆ కుర్చీల్లో పట్టరు. నా కొడుకును చూడు. ఆరేళ్ళప్పుడు కూర్చోవడం రాలేదు, ఇంక ఈ జన్మకు రాదు. నేనేం తప్పు కట్టాల్నో చెప్పు, కడతా. వాడికి ఎవురు కడతారు?"

"ఆడదానివి, కాపుల మాట మీద మాట్లాడబాక," అన్నాడాయన. "దురాయి దురాయే."

అప్పుడు ప్రమీలమ్మ ముందుకొచ్చింది. పాలెంలో అందరికన్నా పెద్ద గంప ఆమెదే. నెల్లూరు చేపల మార్కెట్లో ఆమె ధర చెప్పాకే మిగతా ఆడవాళ్ళు నోరు తెరుస్తారు. తన పడవ చేపల ముందుకు పోయి, ఖాళీ గంపను ఇసుకలో బోర్లించి, దాని మీద కూర్చుంది.

"ఏమయ్యా, దురాయి వెయ్యడం మగోళ్ళకే తెలుసనుకుంటుండావా? మా పిల్లకాయలు ఆ గదిలో కూర్చునేదాకా మేం గంప ఎత్తం. ఇది మా దురాయి."

ఎవరో నవ్వారు. నవ్వు పూర్తికాకముందే ఇంకో గంప బోర్లింది. ఆ పక్కది, ఆ అవతలిది. జనవరిలో తలలూపిన తల్లులే. ఒడ్డు పొడవునా బోర్లించిన గంపలు, వాటి మీద ఆడవాళ్ళు.

చేప పట్టడం మగవాళ్ళకు తెలుసు. అమ్మడం తెలియదు. ఎవరికి అమ్మాలో, ఎంత చెప్పి ఎంతకు దిగాలో, ఏ హోటలు వాడికి ఏది కావాలో వాళ్ళ తాతల నాటి నుంచీ తెలియదు. ఆటోలవాళ్ళు హారను కొట్టి కొట్టి ఖాళీగా పోయారు. ఐసు బండి వచ్చింది, మూట దించేవాళ్ళు లేక నిలబడి నీళ్ళు కారింది. మొగుళ్ళు పెళ్ళాల్ని బతిమాలారు, బెదిరించారు, తిట్టారు. ప్రమీలమ్మ ఆకు వక్క నములుతూ సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. ఎండ ఎక్కింది. నెత్తళ్ళ పొట్టలు పగిలాయి. ఈగలు ముసిరాయి, కంపు మొదలైంది.

కంపు గుడిదాకా పోయాక చెంచురామయ్య కదిలాడు. తాళం చెవి తెచ్చి శేషమ్మ ముందు పట్టుకున్నాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"నాకు బీగం చెవి వద్దు. బీగం ఇయ్యి," అన్నది.

ఆయన మొహం నల్లబడింది. అందరూ చూస్తుండగా నడిచి పోయి, తలుపు తాళం ఊడదీసుకొచ్చాడు. శేషమ్మ ఖాళీ గిన్నె ముందుకు పట్టింది. తాళం అందులో ఠంగున పడింది.

"ఈ పొద్దుకు పిల్లకాయల వాటా ఇదే," అన్నది.

పెంచల్ పరుగున వచ్చి రెండు దోసిళ్ళ నెత్తళ్ళు ఆ తాళం మీద పోశాడు. ఆమె వాటిని వాసన చూసి ఇసుకలో పారబోసింది. "మెత్తబడినాయి. పిల్లకాయలకు ఇట్టాంటివి పెడతారా? రేపు మంచివి తీసుకురాపో," అని వాణ్ణి కసిరింది. వాడు తలూపాడు.

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. ఆపలేను. మేము గెలిచామని పిల్లల్ని వెంటబెట్టుకుని పోయాం. తలుపు బార్లా తెరిచి ఉంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఎర్ర కుర్చీలు వరసగా ఉన్నాయి. నేను బీరువా తెరిచి బొమ్మలు కింద పెట్టాను. పిల్లలు పరిగెత్తుతారనుకున్నాను, కొట్టుకుంటారనుకున్నాను, ఒక కుర్చీ అయినా విరుగుతుందనుకున్నాను. విరగాలనే కోరుకున్నాను.

వాళ్ళు ఒకరి వెనక ఒకరు లోపలికి వచ్చి, గోడవారగా వరసగా నిలబడి, చేతులు కట్టుకుని నవ్వారు.

బొమ్మల వైపు ఎవరూ చూడలేదు. నా చేతిలో ఫోను కోసం చూశారు. రెండు నెలల్లో ఆ గది వాళ్ళకు నేర్పింది అదొక్కటే. బాగా నేర్చుకున్నారు. ఆ నవ్వుల్ని క్రాంతి కుమార్ తీసిన ఫోటోల్లో చూసి ఎందరు మెచ్చుకుని ఉంటారో, వాళ్ళందరినీ పట్టుకొచ్చి ఆ గుమ్మంలో నిలబెట్టాలనిపించింది.

వెన్నెల కాసేపు చూసి, మేం నేర్పినట్టే చెయ్యెత్తి గట్టిగా అడిగింది. "అవ్వా, ఫోటో అయిపొయ్యిందా? బైటికి పోవాల్నా?"

శేషమ్మ గిన్నె పక్కన పెట్టి, ఆ పిల్లల కుర్చీలో, పట్టకపోయినా, ఇరుక్కుని కూర్చుంది. కుర్చీ కిర్రుమంది. వెన్నెలను దగ్గరికి లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"యాడికీ పోబల్లేదు," అన్నది.